తలుపు పక్క వరస

12 సెప్టెంబరు 2025, శుక్రవారం

మూడు గంటల్లో నాలుగుసార్లు మసీదుకు పోయాడు మా ఆయన. ఆ వేళలో ఉండేది సాయంత్రపు అసర్ నమాజు ఒక్కటే. మిగతా మూడూ దేనికని అడిగితే, అల్లా దగ్గరికి పోయేదానికీ నీ పర్మిషన్ కావాల్నామే అన్నాడు. ఆ మాటకు ఏ ఆడది జవాబు చెప్తుంది.

ఈ అరబ్బు దేశంలో వారానికి ఒక్క పూట నాకు సెలవు. సీబ్‌లో నేను పనిచేసే ఇంటి యజమానురాలు మామా వాళ్ళింట్లో పొద్దున్నే వంట ముగించి ఒంటిగంటన్నరకు మబేలాలో ఈయన రూముకు చేరితే, ఆరుకల్లా మళ్ళీ డ్యూటీలో ఉండాలి. మొగుడూ పెళ్ళాలుగా మాకుండేది ఆ కాసేపే. నేను వస్తానని ఆయనతో ఉండే ఫయాజ్ వాళ్ళు రూము వదిలి ఎండలో తిరుగుతారు పాపం. కూర చేసుకుని పోతాను. పక్కన కూర్చుని తినడానికి ఈయనకు తీరిక లేదు. గిన్నె మూత తీసేసరికి చెప్పులేసుకుంటాడు.

మూడేళ్ళుగా ఇదే తంతు. రాయచోటిలో ఉన్నప్పుడు పీర్ల పండక్కి తప్ప బయటికి రాని భక్తి. ఇక్కడ ఆయన అరబ్బుల పొడుగు అంగీలు, దిష్‌దాషాలు కుట్టే అంగట్లో అందరూ హాజీ సాబ్ అంటారు. హజ్జుకు పోకుండానే హాజీ. మా వదిన ఇక్బాలున్నీసా, నా తమ్ముడు మౌలాలికి పెళ్ళాం మాట తప్ప దేవుడి మాట పట్టదు అని ఊరంతా చెప్పిన మనిషి. ఆమెకు ఫోన్ చేసి నేనే చెప్పాను, అయిదు పూటలు కాదు వదినా, పది పూటలు మసీదులోనే ఉంటాండాడు నీ తమ్ముడు అని. గొప్పగా చెప్పాను.

ఈరోజు గొప్పగా లేదు. ఒళ్ళు మండుతోంది. ఎవరితో చెప్పాలో తెలియక ఇందులో రాస్తున్నాను. ఇది నాదియా పాత నోటుబుక్కు. నాదియా మామా పెద్ద కూతురు, ఆస్పత్రిలో నర్సు. అరబ్బీ పుస్తకం కుడివైపు మొదలవుతుంది. నేను ఎడమవైపు నుంచి మొదలుపెట్టాను. చదివింది అయిదో తరగతి. తప్పులున్నా చూసేవాళ్ళు లేరు.

పుచ్చకాయ ముట్టలేదు. చాయ్ కూడా వద్దన్నాడు. షుగరేమో. గుండేమో. గ్యాసు స్టవ్ ఆపి వచ్చానో లేదో అదొకటి.

19 సెప్టెంబరు, శుక్రవారం

ఆయన మసీదుకు పోగానే మంచం కింద పెట్టె తీశాను. నా పాస్‌పోర్టు కాపీ అందులోనే ఉందా, పారేశాడా అని నెల రోజులుగా దిగులు. కాపీ ఉంది. దాని కింద ప్లాస్టిక్ కవర్లో గుడ్డలు. తెల్లటి దిష్‌దాషా గుడ్డ. జానెడు పొడవు, నాలుగు మడతలు, అంచులు మిషన్ మీద కుట్టి, ఉతికి, మడిచి పెట్టినవి. పన్నెండున్నాయి. మా వయసులో నెలనెలా మేము వాడిన గుడ్డల మాదిరే.

కుట్టు ఆయనదే. నలభై ఏళ్ళు నా జాకెట్ల మీద చూసిన కుట్టు.

నాకు వాటి అవసరం తీరి పదిహేనేళ్ళయింది. మరి ఎవరికి కుట్టాడు?

ఎట్లున్నవి అట్లే పెట్టాను. వచ్చాడు. అన్నం పెట్టాను. ఏమే అట్లుండావు అన్నాడు. బీపీ అన్నాను.

20 సెప్టెంబరు

ఈరోజు ఉల్లిపాయలు చాలా కోశాను. ఉల్లిపాయలైతే ఎందుకని ఎవరూ అడగరు.

22 సెప్టెంబరు

మున్నీ అని ఒకామె ఉంది. హైదరాబాదు మనిషి. ఈయన అంగడి పక్కనే అబాయాలకు, అదే ఇక్కడి నల్ల బురఖాలకు, పూసలు కుడుతుంది. నలభై అయిదు కూడా ఉండవు. ఆమె హాజీ సాబ్, హాజీ సాబ్ అని నవ్వుతుంటే నేనూ పక్కన నిలబడి నవ్వాను. అరవై ఆరేళ్ళ ముసలివాడికి మసీదు పేరు అడ్డం. నన్ను మా వదిన ముందు అబద్ధాలకోరును చేశాడు. ఈ శుక్రవారం ఆ గుడ్డలు ముఖాన కొడతాను.

24 సెప్టెంబరు, బుధవారం, పొద్దున పదకొండు

ఫయాజ్ ఫోన్ చేశాడు. చాచీ, నువ్వు కంగారు పడాకు అన్నాడు. ఆ మాట వింటూనే స్టవ్ ఆపేశాను. చాచా నిన్న పొద్దున్నుంచి ఒంటికి పోల్యా, వస్తాంది గానీ రాల్యా, కడుపు కుండ మాదిరి ఎక్కింది, గోడకు తల కొట్టుకుంటాండాడు అన్నాడు. నాదియా డ్యూటీకి బయల్దేరుతోంది. ఆయన్ని ఆస్పత్రికి చేర్చమని కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. కారులో రాస్తున్నాను. చేతులకు ఏదో ఒక పని ఉండాలి.

అదే రోజు, సాయంత్రం

గొట్టం వేశారు. లీటరున్నర వచ్చింది. బ్యాగు నిండుతుంటే ఆయన కళ్ళు మూసుకుని, కాన్పు నొప్పులు తీరిన మనిషి మాదిరి ముఖం పెట్టాడు.

కేరళ డాక్టరు హిందీలో చెప్పాడు. ప్రోస్టేట్ అంట. మగవాళ్ళకు మూత్రం సంచి కింద ఉండే గడ్డ. ఉసిరికాయంత ఉండాల్సింది నిమ్మకాయంత అయి దారిని నొక్కేసింది. ఎన్నాళ్ళుగా ఇబ్బంది అని అడిగాడు. ఈయన పైకప్పు చూశాడు. జలుబుకు ఏమైనా వేసుకున్నాడా అని అడిగితే ఫయాజ్ జేబులోంచి అట్ట తీసి చూపించాడు. ఏసీ రూములో చాచాకు ముక్కు కారతాంటే కడప నుంచి తెచ్చినవి నేనే ఇచ్చినా, పూటకు రెండు, మంచి పవర్ ఉంటాది అని గర్వంగా చెప్పాడు. ఇది వాచిన వాళ్ళకు ఆ మాత్రలు ఉన్న కాస్త తలుపూ మూసేస్తాయని డాక్టరు అన్నాడు. ఫయాజ్ అట్ట మళ్ళీ జేబులో పెట్టుకోబోతే నేను లాక్కున్నాను.

25 సెప్టెంబరు, గురువారం

గుడ్డలు ఎవరికో తెలిసింది. ఆయనకే.

మూడేళ్ళు. మూడేళ్ళుగా చుక్కలు చుక్కలుగా పడుతున్నాయంట. ప్యాంటు మీద కనపడకుండా కత్తిరింపుల్లో మిగిలిన గుడ్డ కుట్టి పెట్టుకున్నాడు. నల్ల ప్యాంట్లే వేస్తుంటే వయసుకు తగ్గట్టు మారాడనుకున్నాను. సోహార్‌లో మా చెల్లెలి మనవడిని చూడ్డానికి పోదామంటే, బస్సులో రెండు గంటలు కూర్చుంటే నడుం పడతాది అన్నాడు. నడుమే అనుకున్నాను. చాయ్ వద్దంటే షుగర్ అనుకున్నాను. లోకంలో ఉన్న రోగాలన్నీ తలచుకుని భయపడ్డాను. ఉన్న ఒక్కటి తట్టలేదు.

మసీదు సంగతి కూడా చెప్పాడు. అంగట్లో బాత్రూము లేదు. రూములో వరండా చివర పన్నెండు మందికి ఒకటి. గంటకోసారి మిషన్ మీద నుంచి లేస్తే అంగడి యజమాని అర్బాబ్ ఏమి పని అని అడుగుతాడు. మసీదుకు అంటే అడగడు. వెనక సందులో మసీదు, దానికి వరుసగా ఎనిమిది బాత్రూములు, నీళ్ళు ఎప్పుడూ ఉంటాయి. ఒక రోజు పోయాడు. రెండో రోజు పోయాడు. ఎవరో హాజీ సాబ్ అన్నారు. కాదనలేదు.

మరి నమాజు అన్నాను. తల తిప్పుకున్నాడు. కాళ్ళూ చేతులూ కడుక్కోని వజూ చేసుకుని లేచేలోపు చుక్క పడతాది, వజూ పోతాది, ఇంగ నమాజు యాడిదే అన్నాడు. మూడేళ్ళుగా అన్ని పూటలు మసీదుకు పోయి ఒక్క పూట కూడా సరిగా నిలబడలేదంట. శుక్రవారం నాడు తప్పించుకోలేక తలుపు పక్క వరసలో కూర్చుని, ఖుత్బా ప్రసంగం మధ్యలోనే జారుకునేవాడంట.

ఈ మాట చెప్పేటప్పుడు ఏడ్చాడు. నాకు జాలి రావాలి. రాలేదు. మూడేళ్ళు శుక్రవారం శుక్రవారం నా ఎదురుగా కూర్చుని నోరు తెరవనివాడికి జాలి ఏమిటి. నాతో చెప్పడానికి సిగ్గంట. ఈయన వాంతులు, ఈయన పుండ్లు, వాళ్ళమ్మ చివరి నెలలు అన్నీ ఈ చేతులతో ఎత్తాను. అప్పుడు లేని సిగ్గు.

మున్నీకి మనసులోనే మాఫీ చెప్పుకున్నాను. ఆమెకు తెలియదు కాబట్టి అది తేలిక.

28 సెప్టెంబరు, ఆదివారం

గొట్టం తీసి చూశారు. రెండు గంటల్లో మళ్ళీ బిగుసుకుంది. మళ్ళీ వేశారు. స్కాన్‌లో కిడ్నీలు రెండూ ఉబ్బి ఉన్నాయి, మూత్రం వెనక్కి తంతోంది. ఇట్లే ఆరు నెలలు వదిలేస్తే కిడ్నీలు మిగలవని డాక్టరు నా వైపు చూసి చెప్పాడు. ఈయన వినడని ఆయనకు అప్పుడే అర్థమైనట్టుంది.

పాత పద్ధతి, వైరుతో లోపల చెక్కేది ఉంది. మూడు నాలుగు రోజులు ఆస్పత్రిలో ఉండాలి. ఇంకొకటి ఆవిరి. కోత లేదు, కుట్టు లేదు. సన్నటి గొట్టం లోపలికి పంపి, సూదితో గడ్డలోకి ఆవిరి కొడతారు. ఒక్కోచోట తొమ్మిది సెకన్లు. ఉడికిన భాగం మెల్లగా కుంచించుకుపోతుంది. సాయంత్రం ఇంటికి పోవచ్చు. కానీ వారంపైన గొట్టం ఉంటుంది, ఆ తర్వాత కొన్నాళ్ళు మంట, గుణం తెలియడానికి నెలా రెండు నెలలు.

ఆవిరి సంగతి నాకా చెప్పేది. నలభై ఏళ్ళుగా గంజి వంచుతున్నాను. ఆవిరి చేతికి తగిలితే నిప్పుకన్నా మంట. అక్కడ, లోపల, తొమ్మిది సెకన్లు.

నన్ను బయట నిలబెట్టి ఈయన డాక్టరును ఏదో అడిగాడు. తర్వాత గుచ్చి గుచ్చి అడిగితే చెప్పాడు. మగతనం పోతాదా అని అడిగాడంట. పోదులే అన్నాడంట. అరవై ఆరేళ్ళు. వారానికి ఒక పూట, అదీ ఫయాజ్ ఉతికి ఆరేసిన బనియన్ల కింద. ఆ పూటంతా మసీదు బాత్రూములో గడిపి ఇప్పుడు ఆ దిగులు.

30 సెప్టెంబరు

గొట్టంతోనే అంగడికి పోయాడు. బ్యాగు పిక్కకు కట్టుకుని పైన లూజు ప్యాంటు. మిషన్ ఎడమకాలితో తొక్కుతున్నాడంట.

3 అక్టోబరు, శుక్రవారం

గొడవ. ఇంతకుముందు ఎప్పుడూ ఇంత పడలేదు.

ఇన్సూరెన్సు కాగితం మీద అర్బాబ్ స్టాంపు కావాలి. స్టాంపు కావాలంటే రోగం చెప్పాలి. నవంబరులో బత్తాకా, అదే ఇక్కడ ఉండేదానికి ఇచ్చే కార్డు, రెన్యూవల్. ఆపరేషన్ అని తెలిస్తే ముసలోడు పనికిరాడు, పంపించేయండి అంటాడని ఈయన భయం. అంతదాకా గొట్టంతోనే లాగిస్తా, బత్తాకా చేతికొచ్చినాక చూద్దాం అంటాడు. రెండు నెలలు. కిడ్నీలు కూడా రెన్యూవల్ చేస్తాడా నీ అర్బాబ్ అన్నాను. నీకు ప్రతిదీ భయమే, గ్యాసు బండ చూసినా భయమే, నువ్వు చెప్పే మాట ఎవరు ఇంటారు అన్నాడు.

అది నిజం. నాకు అన్నీ భయమే. ఎప్పుడూ భయపడేవాళ్ళ మాట ఎవరూ వినరు, పులి నిజంగా వాకిట్లోకి వచ్చినా సరే. కిందికి దిగి టాక్సీ ఎక్కేదాకా తిట్టాను. మబేలా వీధంతా విన్నది. తెలుగు తెలియని వాళ్ళే ఎక్కువ, అదొక్కటి అదృష్టం.

ఎల్లుండి నేనే అర్బాబ్ దగ్గరికి పోతాను. మామాను రెండు గంటలు అడిగాను. ఇచ్చింది.

5 అక్టోబరు, ఆదివారం

పోయాను. అర్బాబ్ తన ఇంట్లో చుట్టాలు కూర్చునే మజ్లిస్‌లో కూర్చున్నాడు. డెబ్బై దాటిన మనిషి. కహ్వా కాఫీ పోశాడు. తాగకుండానే కప్పు కింద పెట్టేశాను. ఒకసారి మొదలుపెడితే ఆగనని తెలిసి మొత్తం ఒక్క ఊపిరిలో హిందీలో చెప్పాను. గుడ్డల సంగతి ఒక్కటి దాచాను.

నవ్వాడు. పొట్ట పట్టుకుని నవ్వాడు. మౌలాలిని చూసి బుద్ధి తెచ్చుకోండిరా, రోజుకు పదిసార్లు మసీదుకు పోతాడు అని నా కొడుకులను మూడేళ్ళుగా తిట్టాను, ఆ పాపం ఎవరి ఖాతాలో అన్నాడు.

నాకు ఆ నవ్వు ఎక్కడో తగిలింది. నీ అంగట్లో ఒక బాత్రూము ఉండి ఉంటే మా ఆయనకు ఆ అబద్ధం అవసరం ఉండేది కాదు బాబా అన్నాను. అని, నోరు జారిందని అర్థమై, స్టాంపూ బత్తాకా రెండూ ఒక్కసారే పోయాయనుకున్నాను.

నవ్వు ఆగింది. తర్వాత డబ్బీ తెచ్చి స్టాంపు వేశాడు. ఇన్నాళ్ళూ నన్ను అడగాల్సింది అన్నాడు. అడిగేటట్టు మీరు ఉన్నారా అని నేను అనలేదు. ఆ మాత్రం తెలివి ఉంది. బత్తాకా సంగతి అడిగాను. గొట్టం తీసేశాక మిషన్ మీద ఎట్లా కూర్చుంటాడో చూసి చెప్తా అన్నాడు. అంటే ఇంకా తేలలేదు.

మౌలాలికి ఫోన్లో చెప్పాను. పెట్టేశాడు.

9 అక్టోబరు

నాలుగు రోజులు. ఫోన్ ఎత్తడం లేదు. ఆదివారం ఆవిరి అని ఫయాజ్‌తో చెప్పించాను. సరే అన్నాడంట. నాతో కాదు, ఫయాజ్‌తో.

12 అక్టోబరు, ఆదివారం

లోపలికి తీసుకుపోయేటప్పుడు నా వైపు చూడలేదు. ఉంగరం తీసి నాదియా చేతికిచ్చాడు. పెళ్ళాం పక్కనే నిలబడి ఉండగా నర్సుకు.

బయట కూర్చుని తొమ్మిది లెక్కపెట్టాను. మళ్ళీ తొమ్మిది. ఎన్నిసార్లు కొడతారో తెలియదు కాబట్టి ఆపలేదు. ఈ తొమ్మిదిలో కరెంటు పోతే? ఈ తొమ్మిదిలో సూది పక్కకు జరిగితే? పక్కనున్న పాకిస్తానీ ఆమె తస్బీహ్ జపం చదువుతున్నాననుకుని జరిగి చోటిచ్చింది. మా ఇంట్లో ఇద్దరిదీ ఇదే దొంగ భక్తి అని నవ్వొచ్చింది. వెంటనే ఏడుపొచ్చింది.

అరగంట కూడా పట్టలేదు. మత్తులో బయటికొచ్చి, అయిపోయిందామే అన్నాడు. వారం రోజుల తర్వాత నాతో అన్న మొదటి మాట. అయిపోయిందిలే, నోరు మూసుకుని పడుకో అన్నాను.

20 అక్టోబరు, సోమవారం

ఈరోజు గొట్టం తీశారు. సొంతంగా ఒంటికి పోస్తేనే ఇంటికి. పోయలేకపోతే మళ్ళీ గొట్టం. ఒక ప్లాస్టిక్ బాటిల్ చేతికిచ్చి ఇందులో పట్టి చూపించాలి, కొలుస్తాం అన్నారు.

నాలుగు గ్లాసుల నీళ్ళు తాగాడు. మూడేళ్ళుగా గొంతు తడుపుకోవడానికి మాత్రమే తాగిన మనిషి. ఒక గంట. రెండు గంటలు. బాత్రూములోకి పోతాడు, వస్తాడు, బాటిల్ ఖాళీ. ఎవురో తలుపు బయట నిలబడుకోనుంటే నాకు రాదు అన్నాడు. నిలబడింది నేనే. పక్కకు పోయాను. అప్పుడూ రాలేదు. మూడు గంటలకు నర్సు కొత్త గొట్టం ప్యాకెట్టు తెచ్చి బల్ల మీద పెట్టింది.

అది చూసి ఈయన నెత్తి మీద చేతులు పెట్టుకున్నాడు. నాకు తిక్క రేగింది. అసర్ అయితాంది, లెయ్, మసీదుకు పోయే మాదిరే పో, అర్బాబ్ అడగడు, నేను అడగను, పో అని అరిచాను. వార్డంతా తిరిగి చూసింది. ఈయన నన్ను తినేసేలా చూసి లోపలికి పోయి తలుపు ధడాలున వేసుకున్నాడు.

విన్నాను. మొదట ఆగి ఆగి, తర్వాత మామా వాళ్ళ తోటలో పైపు వదిలినట్టు. రెండు వందల ఎనభై ఎం.ఎల్. నర్సు బాటిల్ ఎత్తి వెలుతురులో చూసింది. రాజుగారి కిరీటం కూడా అంత జాగ్రత్తగా ఎవరూ చూడరు.

ప్యాకెట్టు తీసుకుపోయింది.

27 అక్టోబరు

మంట. ఎరుపు. ముందుకన్నా ఎక్కువసార్లు లేస్తున్నాడంట. నువ్వే చేయించినావు, ఉడకబెట్టించినావు నన్ను అని ఫోన్లో తిట్టాడు. డాక్టరు ముందే చెప్పాడు కదా అంటే, నీకు చెప్పినాడు, నాకు చెప్పలేదు అన్నాడు. పక్కపక్కనే కూర్చున్నాం.

నిజంగానే తప్పు చేశానా? పాత పద్ధతే మేలేమో. కిడ్నీలు? బత్తాకా?

2 నవంబరు

ఏమీ చెప్పడు. నేనూ అడగను. అన్నానే గానీ మూడుసార్లు ఫోన్ చేశాను.

14 నవంబరు, శుక్రవారం

రూముకు పోయాను. ఎదురుగా కూర్చుని అన్నం తిన్నాడు. రెండోసారి వడ్డించుకున్నాడు. చాయ్ అడిగాడు. గంటంబావు ఎక్కడికీ లేవలేదు. నేను ఏమీ అనలేదు, అంటే ఆగిపోతుందేమో అని.

స్కాన్‌లో కిడ్నీల వాపు తగ్గింది. అర్బాబ్ వచ్చి మిషన్ పక్కన పొద్దున్నంతా కూర్చుని చూశాడంట. రెన్యూవల్‌కని బత్తాకా కాగితాలు తీసుకుపోయాడు. పక్క అంగడి వెనకున్న బాత్రూము తాళంచెవి ఒకటి మిషన్ మీద పెట్టి పోయాడు.

కొత్త తలనొప్పి ఏమిటంటే, మసీదు ఇమాం సాబు ఫయాజ్‌ను అడిగాడంట. మీ హాజీ నెల రోజులుగా కనపడలేదు, ఒంట్లో బాగలేదా అని. బాగైంది కాబట్టే రావడం లేదని ఎట్లా చెప్పేది. మౌలాలి సిగ్గుతో చచ్చిపోయి చివరికి తనే పోయి మొత్తం చెప్పాడు. ఇమాం సాబు విని, జబ్బుతో చుక్క పడేవాడికి పూటపూటకీ వజూ చేసుకుంటే చాలు, పడినా నమాజు చెల్లుతుంది, ఇది పిల్లలకు కూడా చెప్తామే అన్నాడంట.

పిల్లలకు కూడా తెలిసిన మాట. ఒక్కసారి నోరు తెరిచి అడిగి ఉంటే చాలు. మూడేళ్ళు ఆ మసీదు బాత్రూముకు పోయాడు, పది అడుగుల దూరంలో ఇమాం కూర్చుని ఉన్నాడు. ఈ మగవాళ్ళను ఏమి చేయాలి. చాయ్ గ్లాసు కడుగుతూ అన్నీ అనేశాను. అన్నీ విన్నాడు. మూడేళ్ళ బాకీ అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

28 నవంబరు, శుక్రవారం

ఫయాజ్ చెప్పాడు. జుమ్మా నమాజుకు ఈయన ఇమాం వెనకే, ముందు వరసలో కూర్చున్నాడంట. అక్కడి నుంచి లేచి బయటికి రావాలంటే పదకొండు వరసలు దాటాలి. దాటలేదంట.

నేనిక్కడ మామా వంటింట్లో గడియారం ముందు నిలబడి, ఈరోజైనా ఖుత్బా అయ్యేదాకా కూర్చుంటాడా అని నిమిషాలు లెక్కపెడుతూ అన్నం మాడబెట్టాను. మామా చూసింది. ఇంకో గ్లాసు బియ్యం కొలిచి నా ముందు పెట్టి పోయింది.